ధాత కఱవు విచారణలు

కర్నూలు కడప సీమలలో వెనుకటితరములవారు తమ యీడు చెప్పవలసివచ్చినపుడు సంవత్సరసంఖ్యను చెప్పెడివారు కారు. ధాతకఱవునాటికి పాలు మఱచిన బిడ్డ ననియో, ధాత వెళ్లిన మఱుసటేడు పుట్టినవాడ ననియో చెప్పుకొనెడివారు. ఆ ధాతనామసంవత్సరము క్రీస్తుశకము 1876-77. ఆ యేట వానలు తప్పెను. మఱుసటి యీశ్వరసంవత్సరమునందును తొలకరి మొగము చాటువేసెను. 1877 సెప్టెంబరు వచ్చుదాక నేల చక్కగా తడియలేదు. 1871 జనాభాలెక్కలలో కర్నూలుమండలమున 9,14,432 మంది యుండిరి. 1881లో లెక్కించినపుడు 6,78,551 మంది మాత్రమే తేలిరి. కడపమండలమున 13,51,194 మంది 11,21,038 మంది యైరి. అనగా కర్నూలులో నలుగురిలో నొకడు, కడపలో ఆర్గురిలో నొకడు లెక్కకు రాలేదు. వలసపోయి తిరిగిరానివారు వీరిలో కొందఱుందురు. కాని యా పదేండ్లలో సహజముగా పెరుగవలసిన జనము నీ లెక్కలో కలుపలేదని గూడ పాఠకులు గమనింపవలెను.

ఇంత నష్టము జరుగుచుండగా దొరతనమువారు విచారింపక యూరకుండిరని యెవ్వరును చెప్పజాలరు. విచారణలు జరిగెను. అవి యొక్కటి కాదు. దొరలు వచ్చిరి, చూచిరి, వ్రాసిరి. నివేదికలు సంపుటములు సంపుటములుగా అచ్చుపడెను. అవి కేవలము కట్టుకథలని త్రోసివేయుటకు వీలులేదు. వానిలోని వివరములు లేనిచో నేడు మన మీ చరిత్రను వ్రాయనేలేము. అయినను వాని ప్రశ్నల నెవరు నిర్ణయించిరి, ఏ యుత్తరువు చేతబుచ్చుకొని విచారణకర్త బయలుదేరెను, ఏ సంగతి యడుగరాదని ముందుగనే తీర్మానమయ్యెను అని వెదకిచూచినపుడు కఱవుకంటె భిన్నమైన మఱియొక చరిత్ర బయటపడుచున్నది.

కఱవు ముదురుచున్న దినములలో మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు. ఆయన ప్రభుత్వము 1876 చివర గుట్టుగా ముప్పదివేల టన్నుల ధాన్యమును కొనిపించెను. ధాన్యవ్యాపారమున దొరతనము చేయి పెట్టరాదు, ధర పెరిగినచో సరకు తనంతట తానే వచ్చును అని నమ్మిన కలకత్తా పెద్దల కిది మహాపరాధముగా తోచెను. రాజప్రతినిధి లిట్టను ప్రభువు. ఆయనకు ఆఫ్గను సరిహద్దునందలి చిక్కులు కనులయెదుట నున్నవి. బొక్కసములో రూపాయ తఱుగరాదు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియారాణిని భారతచక్రవర్తినిగా చాటు దర్బారు జరిగెను. బకింగుహాము ప్రభువును తన మండలముల నట్లు విడిచి యా యుత్సవమునకు పోవలసివచ్చెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపిలు దొరను కఱవుప్రతినిధిగా దక్షిణమునకు పంపిరి.

టెంపిలు సామాన్యుడు కాడు, క్రూరుడని చెప్పుటకును వీలులేదు. మూడేండ్లకు ముందు, 1874లో, బీహారున కఱవు వచ్చినపుడు బర్మానుండి లక్షలకొలది టన్నుల బియ్యము తెప్పించి జనమును కాపాడినవా డితడే. ఆ కఱవున ఆకలిచావు లించుమించుగా లేకుండెను. దానికి బహుమానముగా నాయనకు దక్కిన దేమి? దుబారా చేసెనని పత్రికలలో నింద, పైవారి ముఖములలో ముడుత. అట్టివానినే యిప్పుడు పొదుపు నేర్పుటకు మద్రాసునకు పంపుట లిట్టనుప్రభువు నేర్పరితనము. తన పాత తప్పును దిద్దుకొనదలచినవానికంటె గట్టిగా నాజ్ఞ నెరవేర్చువా డెవ్వడు? పైగా నా సంవత్సరము వేసవిలోనే ఆయన బొంబాయి గవర్నరు పీఠమెక్కెను. ఈ పదవి యాశ యొక్కటే ఆయన కలమును నడిపెనని నే ననజాలను. మనుష్యుని మనస్సులో నొకే యూహ యుండదు. కాని యే జవాబు వలన పైవారు సంతసింతురో, ఏది వ్రాసినచో వారి కనుబొమలు ముడివడునో ఆయనకు బాగుగ తెలియును.

టెంపిలు త్వరత్వరగా దత్తమండలములను చూచి మద్రాసు చేరెను. పనులలో నున్నవా రెక్కువయని, వారిలో పెక్కండ్రకు సాయ మక్కఱలేదని తలచెను. లక్షలకొలది పేర్లు పట్టీలనుండి కొట్టివేయబడెను. పిమ్మట కూలిని గూర్చిన ప్రశ్న. అదివఱకు మద్రాసు ప్రభుత్వము కూలివాని కించుమించు పౌనున్నర ధాన్యము కొనుటకు సరిపడు డబ్బు నిచ్చుచుండెను. టెంపిలు దానిని పౌను ధాన్యపు వెలకును, పైకి కొంచెము చిల్లరకును దించెను. ఎనుబది తులముల సేరున నిది అరసేరునకు మించదు. ఆడువారికి, బిడ్డల కింకను తక్కువ. ఇది ‘ప్రయోగము’ అని ఆయన వ్రాసెను. ఆ మాటను పాఠకు లొక నిముసము తలపోయవలెను. ఇంటిలోని పెద్ద తన బిడ్డ యన్నములో మూడవపాలు తీసివేసి, ఎన్నాళ్లు నిలుచునో చూతమని ప్రయోగము చేయునా? కోవెలకుంట్ల నల్లరేగడిలోనో, పత్తికొండ ఱాతినేలలోనో సూర్యోదయము మొదలు గుంపులుగా మట్టి త్రవ్వి ఱాళ్లు కొట్టు మనుష్యుల కడుపులు దాని కాధారములయ్యెను.

దీని కెదురుచెప్పినవాడు మద్రాసు పారిశుద్ధ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు. ఆయనయు ప్రభుత్వోద్యోగియే, కాని వైద్యుడు. చెఱసాలలలో ఖైదీల యాహారమును, వారి బరువును, మరణములను ఏండ్లతరబడి చూచినవాడు. కూర్చున్న ఖైదీకి సరిపడని తిండి మన్ను మోయు కూలివాని కెట్లు సరిపడునని ఆయన యడిగెను. కాయధాన్యము, కూర, ఉప్పు లేక వట్టి ధాన్యముతో మనుష్యుని శరీరము నిలువదని, పౌనున్నరకు తగ్గరాదని వాదించెను. టెంపిలు జవాబేమనగా, తాను పనులకడ జనమును కన్నులార చూచితిననియు, వారు బాగుగనే యున్నారనియు. చూచుటకును కొలుచుటకును గల భేద మిచ్చట తెలియుచున్నది. గుఱ్ఱముమీదనుండి చూచిన కన్నునకు ఆకలితో నుబ్బిన ముఖము పుష్టిగా కనబడుట వింత గాదు. కలకత్తావారు కన్నునే నమ్మిరి. 1877లో మద్రాసు ప్రభుత్వ మెట్టకేలకు కార్నిషు మాటను సగము విని, కూలిని పౌనుంబావు ధాన్యమునకు పెంచి కొంచెము పప్పును చేర్చెను. అప్పటికే పౌనుకూలి తిన్నవారి బలము పోయియుండెను. వేసవిలో విషూచియు, పిమ్మట వానలతో చలిజ్వరమును వచ్చినపుడు వారు నిలువలేకపోయిరి.

ఆ సంవత్సరముననే యింగ్లండునకు గోధుమల యెగుమతి మునుపెన్నడు నెఱుగనంత పెరిగెను. దీనిని గూర్చి విచారింపుమని టెంపిలు నెవ్వరును నియోగింపలేదు.

పైనుండి వచ్చిన యొత్తిడి కలకత్తాలో పుట్టి టెంపిలువద్ద నిలిచిపోవునది కాదు. అది క్రిందిదాక జాఱును. కలెక్టరు తహశీలుదారును, తహశీలుదారు రెడ్డికరణములను చూచు చూపులో నది యుండును. గ్రామమున చావుపుట్టువులు వ్రాయవలసినవాని స్థితి నూహింపుడు. ‘ఆకలిచే మృతి’ యని వ్రాసినచో, సాయము చేయుటకు దొరతనము సిద్ధముగా నుండగా వీ డేల చచ్చెను, నీ వేల తెలుపలేదు అను ప్రశ్న వచ్చును. ‘విషూచి’ యనియో ‘విరేచనములు’ అనియో వ్రాసినచో నే ప్రశ్నయు రాదు. అట్టి మాటలు పూర్తిగా అబద్ధమును గావు, ఎండిన కడుపున నవియే వచ్చును గనుక. ఊరు ఊరే లేచిపోయిన చోట్ల వ్రాయువాడును లేడు, వ్రాయబడువాడును లేడు.

నేను బడిపంతులను. ఒకప్పుడు నేను పనిచేసిన పాఠశాలకు తనిఖీ రానుండగా, హాజరుపట్టీ ‘నింపుగా’ నుండినచో బాగుండునని పైనుండి కబురు వచ్చెను. అబద్ధము వ్రాయుమని యెవ్వరును చెప్పలేదు. ఆ నెల పట్టీ నింపుగనే యుండెను. అందు నా దస్కతును గలదు. కాబట్టి నూటయేబది యేండ్లనాటి కరణమును నిందించుటకు నాకు నోరాడదు.

ఇట్లు విచారణకు ముందే దాని హద్దులు గీయుట మన రాజధానికి 1877లో క్రొత్తగా వచ్చిన విద్య గాదు. శిస్తు వసూలులో రైతులను హింసించుచున్నారని గాజుల లక్ష్మీనరసు సెట్టిగారును, ఆయన స్థాపించిన మద్రాసు స్వదేశిసంఘమువారును మొఱపెట్టుకొనిరి. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమరు వచ్చినపుడు సెట్టిగా రాయనను పల్లెలు త్రిప్పి చూపిరి. ఆయన సీమకు మరలి 1854లో కామన్సుసభలో నీ సంగతి నెత్తగా, కంపెనీ పక్షమువా రది నమ్మరానిదని తోసిపుచ్చజూచిరి. విచారణ తప్పలేదు. ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు 1855లో నివేదిక నిచ్చిరి. సుమారు రెండువేల ఫిర్యాదులు వారికి చేరెను. వందలమంది దూరదూరమునుండి నడచి మద్రాసు వచ్చి స్వయముగా చెప్పుకొనిరి. వ్రేళ్లకు కిట్టి బిగించుట, ఎండలో వంగదీసి వీపుపై ఱాయి పెట్టుట మొదలగునవి నిజమేనని సంఘము తేల్చెను. ఇది గొప్ప సత్యవచనమే. కాని దోషమంతయు దేశీయులైన క్రిందియుద్యోగులదనియు, దొరలకు దీనిలో పాలు లేదనియు నిర్ణయించెను. శిస్తు నింత యని కట్టి, ఇన్నాళ్లలో రాబట్టుమని తహశీలుదారుని తఱిమినవా రెవరను ప్రశ్న కా నివేదికలో తగిన తావు దొరకలేదు. పార్లమెంటునుండి వచ్చిన యొత్తిడి విచారణను పుట్టించెను. మద్రాసులోని యొత్తిడి దానికి గట్టు కట్టెను. ఒత్తిడి సర్వదా చెడ్డదని కూడ ననుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది.

ధాతకఱవులోను అట్లే జరిగెను. 1877 ఆగస్టులో బకింగుహాము ప్రభువు ఇంగ్లండు ప్రజలను యాచింపగా, లండను నగరపు మేయరు నిధి తెఱచెను. లక్షలకొలది పౌనులు వచ్చిపడెను. ఈ విధముగా బహిరంగముగా చేయి చాచుట లిట్టనుప్రభువునకు సుతరామును నచ్చలేదు. మద్రాసులో పత్రికాసంపాదకుడుగా నుండిన విలియము డిగ్బీ ఆ నిధిసంఘమునకు కార్యదర్శియై, తాను చూచినదానిని 1878లో రెండు సంపుటములుగా ప్రకటించెను. అధికారుల నివేదికలకు జోడుగా నీ పుస్తకము లేకుండిన యెడల కార్నిషు వాద మెక్కడనో కాగితముల కట్టలో నడగియుండెడిది.

కఱవు తీఱినపిమ్మట 1878లో పెద్ద విచారణసంఘ మేర్పడెను. దాని యధ్యక్షుడు రిచర్డు స్ట్రేచీ. అప్పుడు రాజప్రతినిధిసభలో ఆర్థికసభ్యుడు జాను స్ట్రేచీ, అనగా నీయన తమ్ముడే. కార్యదర్శి చార్లెసు ఎలియటు. కఱవుకాలమున మైసూరులో సాయపుపనులకు పెద్ద యీయనయే. అన్న తీర్పరి, తమ్ముడు ప్రతివాది, వ్రాయసకాడు సాక్షి! మా పల్లెలలో గట్టుతగాదాకు సయితము ఇట్టి పంచాయతీని కూర్చోబెట్టరు. వీరు చదువు లేనివారు గారు, అలసులు గారు. నివేదికలో మరణములు దాచలేదు. బ్రిటిషు మండలములలోనే యేబది లక్షలకు పైగా మనుష్యులు చచ్చిరని యొప్పుకొనిరి. 1883నాటి కఱవుశాసనములకు వీరి శ్రమయే మూలము, వానివలన పిమ్మట మేలు కలిగినది గూడ. కాని ముందు కఱవులలో నేమి చేయవలెనన్నదే వారి కప్పగింపబడిన ముఖ్యమైన పని. పోయిన కఱవులో నేయాజ్ఞ వలన నేమి జరిగెను, ఎవరు జవాబుదారులు అన్నది గాదు. మరణములకు సంఖ్య యున్నది గాని కర్త లేడు. సంస్కృతము చదువుకొన్నవారికి భావేప్రయోగమనిన తెలియును. ఆ నివేదికలో నూరు పుటలు భావేప్రయోగమున నడచుచున్నట్లు నాకు తోచును.

ఆ సంఘమున నిద్దఱు భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఒకడు ఇంగ్లండునుండి వచ్చిన సేద్యవిద్యాపండితుడు జేమ్సు కేయర్డు. రెండవవాడు మద్రాసు కొలువులోని సల్లివను. రాకపోకలు కష్టమైన ప్రదేశములలో దొరతనమే ధాన్యపుకొట్లు పెట్టవలెనని వారు కోరిరి. ఒకనికి కలకత్తావారి దయతో పనిలేదు. రెండవవాడు కఱవు జరిగిన రాజధానివాడు. కర్నూలుపట్టణమున కప్పటికి రైలు లేదు. రైలుస్టేషనునుండి బండ్లపై ధాన్యము రావలెను. బండిని లాగవలసిన యెద్దు గడ్డి లేక చచ్చుచుండెను. వ్యాపారమే ధాన్యమును తెచ్చునను సూత్ర మీ దారిలోనే కూలిపడెను. అయినను అధికసంఖ్యాకుల మాటయే నిలిచెను.

ఇదే కాలమున లండనులో మఱియొక విచారణ. మన సీమలో సుంకేసుల ఆనకట్టనుండి కడపవఱకు 190 మైళ్ల కాలువ నొక యాంగ్లేయకంపెనీ త్రవ్వించినది; ఆ మార్గమును తలచినవాడు సర్ ఆర్థరు కాటను. కంపెనీ లెక్కలలో కాలువ నష్టము తెచ్చెను. సాధారణసంవత్సరములలో రేగడినేలల రైతులు నీటిని కొనరైరి. కఱవు వచ్చినపుడు కాటను పెద్దనోటితో, రైళ్లకు పోసిన ధనములో కొంత కాలువలకు పోసియుండినచో నింతమంది చావకపోదురు గదా యని యడుగుచుండెను. 1878లో కామన్సుసభ ఒక యుపసంఘము నేర్పఱచి ముదుసలియైన యాయనను సాక్షిగా పిలిచెను. దాని యధ్యక్షుడు లార్డు జార్జి హామిల్టను, ఇండియా కార్యాలయమున ఉపకార్యదర్శిగా నుండినవాడు. ఎవరి విధానమును కాటను తప్పుపట్టుచుండెనో ఆ కార్యాలయమువాడే ప్రశ్నలు వేయువాడు! కర్నూలు-కడప కాలువ నష్టమే ఆయన వాదమునకు ప్రతికూలసాక్ష్యముగా నిలిచెను. కాటను లెక్కలు కొన్నిచోట్ల మితిమీరినవని నేను నొప్పుకొందును. ఆయన యుత్సాహము కొలతల కందునది గాదు. కాని కాలువ లాభనష్టములను వడ్డీతోనే కొలిచి, కఱవేట దాని యొడ్డున బ్రదికిన యూళ్లను లెక్కకు చేర్చుకొనకపోవుట విచారణ యని యెట్లనగలము? 1882లో దొరతనమే ఆ కాలువను కొనెను. నేడు కె.సి. కాలువ యని మనవారు పిలుచుచున్న దదియే.

అఱువదియైదేండ్ల తరువాత బంగాళమున నిదే కథ జరిగెను. 1943 కఱవుపై వుడ్డుహెడ్డు సంఘము 1945లో నివేదిక నిచ్చినది. బంగాళప్రభుత్వ దోషములను విప్పిచెప్పినది గాని, ఓడలలో ధాన్యము పంపక నిలిపిన లండను యుద్ధమంత్రివర్గమును గూర్చి నోరు కట్టుకొన్నది. సాక్ష్యముల ప్రతులను నాశనము చేయుడని యుత్తరువు. సభ్యులలో నొకరగు మణిలాలు నానావతిగారు తమ ప్రతిని దాచియుంచిరి గనుక నది నేటికిని దక్కినది.

మన మండలముల కట్టి నానావతి లేకపోయెను. కడపమండల చరిత్రను గ్రిబ్బులుదొర 1875లో, సరిగా కఱవునకు ముందేడు, ప్రకటించెను. కర్నూలుమండల చరిత్రను 1886లో వ్రాసినవాడు తెలుగువాడే, నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు, డిప్యుటీకలెక్టరు. 1872లో ‘శ్రీరంగరాజచరిత్రము’ వ్రాసి తెలుగు నవలకు మొదటివారిలో నొకరైన సెట్టిగా రీయనయే. కథ చెప్పుట తెలిసినవాడు, తెలుగు పలుకు చెవికి పట్టినవాడు. కాని మండలచరిత్ర దొరతనమువారి యుత్తరువుచే, వారి ధనముతో, వారి యచ్చుకూటమునకై యింగ్లీషున వ్రాయవలసిన గ్రంథము. ఆయన కొలువులో నుండి కర్నూలు పల్లెలలో విన్నదంతయు తెలుగున, తన యిష్టప్రకారము వ్రాసికొని యుండినచో నెట్లుండెడిదో గదా యని నే నప్పుడప్పు డనుకొందును.

ఎవరినిగాని మెప్పింపవలెనని గాక, తలలు లెక్కించుటకై మాత్రమే జరిగిన విచారణ జనాభాలెక్క. 1871నాటి మద్రాసు లెక్కలకు నివేదిక వ్రాసినవాడు కార్నిషుడాక్టరే. అప్పుడాయనకు పౌనుకూలి తగవు రాగలదని తెలియదు. టెంపిలు పేరుతోను పనిలేదు. ఊరూర ఇల్లిల్లు త్రిప్పించి యెంతమంది యున్నారో అంత వ్రాయించెను. పదేండ్ల పిమ్మట వేఱొకరు లెక్కించినపుడు ఆ మొదటి సంఖ్య ప్రక్కన రెండవది చేరెను. కర్నూలులో తగ్గినవారు 2,35,881. తరువాతి లెక్కలలో సంఖ్య మెల్లమెల్లగా పెరుగుచు వచ్చెను. 1891లో 8,17,811. 1901లో 8,72,055. ముప్పదియేండ్లు గడచినను కర్నూలుమండలము కార్నిషు లెక్కించిన జనమును తిరిగి చూడలేదు.